జాజ్ సంగీతము - నార్మన్ లూయిస్ చిత్రకళ

చిత్రములను గూర్చి రేడియోలో ముచ్చటించుట కొంత సాహసమే. శ్రోతల యెదుట పటము లేదు; ఉన్నది మా మాట మాత్రమే. అయినను నేడు మేము చెప్పబూనిన చిత్రకారుని కుంచెకు సంగీతమే గురువు గనుక, ఆ లోటు అంతగా బాధింపదని మా ఆశ.

నార్మన్ లూయిస్ 1909లో న్యూయార్కు నగరమందలి హార్లెములో జన్మించెను. ఆయన యౌవనమునకు హార్లెము నల్లజాతివారి పేటయై జాజ్ సంగీతముతో మారుమ్రోగుచుండెను. 1927 నుండి డ్యూక్ ఎల్లింగ్టన్ బృందము అచ్చటి కాటన్ క్లబ్బులో వాయించెను. వాయించువారు నల్లవారు, కూర్చుండి వినువారు తెల్లవారు. నల్లవారికి శ్రోతలుగా ప్రవేశము లేకుండెను. ఈ ముచ్చట మరల అక్కరకు వచ్చును.

లూయిస్ మొదట పేదల అగచాట్లను ఉన్నవి ఉన్నట్లుగా చిత్రించెను. యుద్ధకాలమున ఆయనకు సందేహము కలిగెను. అన్యాయము నెదిరింపవలెనన్న వీథిలో నిలువవలెను గాని, బొమ్మ ఆ పని చేయజాలదని తలచెను. ఆ దినములలోనే మింటన్స్ ప్లేహౌస్ అను హార్లెము క్లబ్బులో థెలోనియస్ మంక్, చార్లీ పార్కర్, డిజ్జీ గిలెస్పీ మున్నగువారు కొత్త బాణీ కట్టుచుండిరి. తెలిసిన పాటను ఆధారముగా గొని, అప్పటికప్పుడు కల్పన చేయుచు ఎంతో దూరము పోయి మరల వచ్చుట వారి పద్ధతి. మన విద్వాంసుల మనోధర్మ మెరిగిన శ్రోతలకు ఇది వింత గాదు. అయితే అచ్చటి ఆధారము రాగము గాదు, స్వరమేళనముల వరుస.

లూయిస్ 1948లో చేసిన ‘జాజ్ బ్యాండు’ నల్లని పూత పూసిన పలకపై గీరిన చిత్రము. లేత గీతలు ఒకదాని నొకటి తరుముచు, తాకుచు, తప్పించుకొనుచు పోవును. ఏది మనిషియో, ఏది వాద్యమో విడదీయుట కష్టము. వాద్యకారుల పోలికలు పట్టుకొనుట ఆయనకు ముఖ్యము గాదు; గీతయే వాయించుచున్నదని మా కనిపించును. ఆధారము చేజారకుండ అంత స్వేచ్ఛగా గీయుట సులభమని ఎవరును భ్రమపడకుందురు గాక!

వస్తురూపమును విడిచి వర్ణములతో, రేఖలతో భావమును తెలుపు ఈ పద్ధతిని ఆబ్‌స్ట్రాక్ట్ ఎక్స్‌ప్రెషనిజమ్ అందురు. 1950 ఏప్రిలులో ఈ చిత్రకారులు న్యూయార్కులో మూడు దినములు సమావేశమై చర్చించిరి. వారిలో నల్లజాతివాడు లూయిస్ ఒక్కడే. మరుసటి జనవరిలో లైఫ్ పత్రిక, ఒక మ్యూజియముపై నిరసన తెలిపినవారిలో 15 మంది ఛాయాచిత్రము ప్రచురించెను. పోలాక్, రోత్కో, డి కూనింగ్ అందున్నారు, లూయిస్ లేడు. లోకము ఆ ఉద్యమమును ఆ ఛాయాచిత్రముతోనే గుర్తుంచుకొనెను. కాటన్ క్లబ్బులో నల్లవారికి వేదికపైనైనను చోటుండెను.

1955లో పిట్స్‌బర్గు కార్నెగీ ప్రదర్శనమున ఆయన ‘వలస పక్షులు’ ప్రేక్షకుల మెప్పు పొంది ప్రజాబహుమతి గెలిచెను. 1960లో గీసిన ‘అమెరికన్ టోటెమ్’లో, నలుపు తెలుపుల నడుమ కూ క్లక్స్ క్లాన్ ముసుగు పొడచూపును. బొమ్మతో కాదనుకొన్న నిరసనను కుంచె మరువలేదన్నమాట.

లూయిస్ 1979లో మరణించెను. ఆయన జీవితకృషి నంతటిని సమగ్రముగా చూపిన తొలి మ్యూజియము ప్రదర్శనము ఫిలడెల్ఫియాలో 2015లో గాని జరుగలేదు.