మాస్టారితో పార్లమెంటు చూసిన రోజు
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)



మన కార్యదర్శి ఫోన్ చేసి, "నువ్వు ముప్పై ఏళ్ళు ఢిల్లీలో ఉన్నావు కదా, పార్లమెంటు భవనం గురించి కాసేపు మాట్లాడు" అన్నారు. నేను చరిత్రకారుణ్ణి కాను. ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తాగా చేరి, సెక్షన్ ఆఫీసరుగా రిటైరైనవాణ్ణి. రోజూ ఆఫీసుకి వెళ్తూ బస్సు కిటికీలోంచి ఆ భవనాన్ని చూసేవాణ్ణి. అన్నేళ్ళూ చూసినా, నిజంగా చూసింది మాత్రం ఒక్కరోజే. 1999 డిసెంబరులో, మన సోషల్ మాస్టారితో కలిసి. ఆయన పేరు చెప్పనక్కర్లేదు. మన పెంకుల హాల్లో కూర్చుని చదివిన వాళ్ళందరికీ ఆయనెవరో తెలుసు.

తొమ్మిదో తరగతిలో ఆయన సుద్దముక్కకి దారం కట్టి బోర్డు మీద పెద్ద సున్నా చుట్టారు. దాని మధ్యలో చిన్న సున్నా. చిన్న సున్నా చుట్టూ మూడు అర్ధచంద్రాలు. "ఇదేమిట్రా?" అన్నారు. వెనక బెంచీలోంచి ఎవరో "బండి చక్రం మాస్టారూ" అన్నారు. క్లాసంతా నవ్వింది. ఆయన కూడా నవ్వి, "చక్రమే. దేశాన్ని నడిపే చక్రం. ఇది మనవాళ్ళు కట్టుకున్న ఇల్లు కాదురా, మనవాళ్ళు స్వాధీనం చేసుకున్న ఇల్లు" అన్నారు. అది పరీక్షలో నాలుగు మార్కుల ప్రశ్న. అప్పుడు నాకు అర్థమైంది అంతవరకే.

ఆ మూడు అర్ధచంద్రాలు ఎందుకో ముందు చెబుతాను. 1911లో రాజధానిని కలకత్తా నుంచి ఢిల్లీకి మారుస్తామని ప్రకటించినప్పుడు ఈ భవనం ఆలోచనే లేదు. 1919లో మాంటేగు-చెమ్స్‌ఫర్డ్ సంస్కరణలు వచ్చాయి. శాసనసభ ఒకటి, రాష్ట్రాల కౌన్సిల్ ఒకటి, సంస్థానాధీశుల సభ ఒకటి, మొత్తం మూడింటికి చోటు కావలసి వచ్చింది. హెర్బర్ట్ బేకర్ మొదట ముక్కోణం ఆకారంలో నమూనా వేశాడు. ఎడ్విన్ లుట్యెన్స్ గుండ్రంగా ఉండాలన్నాడు. లుట్యెన్స్ మాటే నెగ్గింది. 1921 ఫిబ్రవరి 12న డ్యూక్ ఆఫ్ కనాట్ శంకుస్థాపన చేశాడు. 1927 జనవరి 18న వైస్రాయ్ లార్డ్ ఇర్విన్ ప్రారంభించాడు. ఖర్చు 83 లక్షల రూపాయలు. భవనం అడ్డకొలత 560 అడుగులు. చుట్టూ వరండాకి 144 స్తంభాలు, ఒక్కొక్కటి 27 అడుగుల ఎత్తు. లోపలికి వెళ్ళడానికి 12 ద్వారాలు. ప్రారంభోత్సవం రోజున ఈ ద్వారాల్లో ఒక్కటి కూడా సామాన్యుడి కోసం కట్టింది కాదు.

ఇక మాస్టారి సంగతికి వస్తాను. రిటైరయ్యాక కాశీ వెళ్ళి, తిరుగు ప్రయాణంలో మా ఇంటికి వచ్చారు. "కుతుబ్ మీనార్ చూపించనా, ఎర్రకోట చూపించనా?" అని అడిగాను. "ముప్పై ఏళ్ళు బోర్డు మీద ఒక బొమ్మ వేశాను. అది ఒప్పో తప్పో చూసుకోవాలి, పార్లమెంటుకి తీసుకెళ్ళరా" అన్నారు. ఎంపీ గారి సిఫారసు ఉంటేగానీ గ్యాలరీ పాసు రాదు. ఆంధ్రా భవన్‌లో తెలిసినాయన ద్వారా రెండు పాసులు సంపాదించాను. ఒక గంటకి మాత్రమే.

చేతిసంచి, గొడుగు, చివరికి జేబులో ఉన్న పెన్ను కూడా కౌంటరులో పెట్టించారు. పెన్ను ఇచ్చేటప్పుడు మాస్టారు కొంచెం బాధపడ్డారు. గ్యాలరీలో మాట్లాడకూడదు, చప్పట్లు కొట్టకూడదు, ముందుకి వాలి చూడకూడదు. "మన క్లాసు రూల్సే" అని నా చెవిలో అన్నారు.

కింద లోక్‌సభ, ఆకుపచ్చ తివాచీ. స్పీకర్ స్థానంలో బాలయోగి గారు. కోనసీమలో ఎదుర్లంక అనే ఊళ్ళో పుట్టి, ఆ స్థానంలో కూర్చున్న తొలి దళితుడాయన. ఆయనకి ముందు మాడభూషి అనంతశయనం అయ్యంగార్, నీలం సంజీవరెడ్డి గార్లు ఆ కుర్చీలో కూర్చున్న మనవాళ్ళు. సంస్థానాధీశులకి కూడా ఒక సభ ఉండాలని కట్టిన భవనంలో మా గోదావరి జిల్లా మనిషి లేచి నిలబడగానే సభ సర్దుకుంటోంది. మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

కాసేపటికి ఆయన వేళ్ళు మడుస్తూ ఏదో లెక్కపెడుతున్నారని గమనించాను. బయటికి వచ్చాక, "హాజరు తక్కువగా ఉందిరా" అన్నారు. నాకు నవ్వొచ్చింది. ఆయన నవ్వలేదు. "1929 ఏప్రిల్ 8న భగత్ సింగ్, బటుకేశ్వర్ దత్ బాంబులు విసిరింది ఈ సభలోకే. ఎవరూ లేనిచోట పడేలా విసిరారు. మా మాట వినండి అని చెప్పడానికి ఆ పిల్లలు గ్యాలరీలోంచి బాంబు వేయాల్సి వచ్చింది. మనకి ఆ అవసరం లేదు. పాసు తీసుకుని దర్జాగా వచ్చి కూర్చున్నాం. మరి వచ్చి చూసేవాడే లేకపోతే కింద హాజరు ఎవడు అడుగుతాడు?" అన్నారు.

తిరిగి వస్తూ బస్సులో ఆయన చెప్పిన పాఠం నాకు తొమ్మిదో తరగతి పాఠం కంటే బాగా గుర్తుంది. భవనం మధ్యలో, 98 అడుగుల అడ్డకొలత ఉన్న గోపురం కింద సెంట్రల్ హాలు ఉంది. బ్రిటిష్ వాళ్ళ కాలంలో అది గ్రంథాలయం. 1946లో దాన్ని రాజ్యాంగ సభ కోసం మార్చారు. డిసెంబరు 9న మొదటి సమావేశం. ఆ రోజు హాజరైనవాళ్ళు 207 మంది. అక్కడే 1947 జూలై 22న జెండాని ఆమోదించారు. అక్కడే ఆగస్టు 14 అర్ధరాత్రి స్వాతంత్ర్యం వచ్చింది. రాజ్యాంగ సభలో పదిహేనుమంది స్త్రీలుంటే, అందులో మన రాజమండ్రి ఆడపడుచు దుర్గాబాయి ఒకరు. 1923లో కాకినాడ కాంగ్రెసు సభల్లో ఖద్దరు ప్రదర్శన గుమ్మం దగ్గర వాలంటీరుగా ఉండి, టిక్కెట్టు లేదని జవాహర్‌లాల్ నెహ్రూనే ఆపిన అమ్మాయి. ఇరవై మూడేళ్ళ తరవాత ఇద్దరూ ఆ ఒక్క గోపురం కింద కూర్చున్నారు. "ఎవరినైనా టిక్కెట్టు అడగొచ్చని నేర్చుకున్న పిల్ల రాసిన రాజ్యాంగంరా అది" అన్నారు మాస్టారు.

ఇంకో సంగతి కూడా ఆయనే చెప్పారు. తరవాత నేను వెతికి చూసుకున్నాను, నిజమే. 1949 నవంబరు 26న రాజ్యాంగాన్ని ఆమోదించిన రోజు బాబూ రాజేంద్రప్రసాద్ గారు ముగింపు ప్రసంగంలో, ఈ చర్చలు చూడడానికి 53 వేల మంది సందర్శకులు వచ్చారని లెక్క చెప్పారు. సమావేశాలు జరిగింది 165 రోజులు. ఫోన్లూ టీవీలూ లేని రోజుల్లో, దేశ విభజన మంటలు ఇంకా ఆరని రోజుల్లో, అంతమంది వచ్చి బల్లల మీద కూర్చుని తమ రాజ్యాంగం తయారవుతుంటే చూశారు. 83 లక్షలు పోసి కట్టినవాడిది కాకుండా ఆ ఇల్లు మనదెప్పుడైందని అడిగితే, నేను ఆ 53 వేల మందిని చూపిస్తాను.

తరవాతి కాలంలో మన తెలుగువాళ్ళ బతుకుల్లో పెద్ద నిర్ణయాలు కూడా ఆ ఇంట్లోనే జరిగాయి. 1953లో ఆంధ్ర రాష్ట్రం చట్టం, 2014లో రాష్ట్ర విభజన చట్టం. ఆ రోజుల్లో ఇక్కడున్న మనలో మనకే మాటలు పెరిగాయి. అయినా ఈ సభలో ఈవేళ రెండు రాష్ట్రాల నుంచీ వచ్చి పక్కపక్కనే కూర్చున్నాం.

సెంట్రల్ హాలుని నేను చాలాకాలం తరవాత, సమావేశాలు లేనప్పుడు చూశాను. గోపురం మరీ ఎత్తు కావడంతో పంకాలు పైనుంచి వేలాడవు. నేల మీంచి లేచిన స్తంభాలకి తలకిందులుగా బిగించి ఉంటాయి. పిల్లల్ని తీసుకెళ్తే ముందు వాటినే చూస్తారు. దగ్గరలో పార్లమెంటు గ్రంథాలయ భవనంలో 2006లో తెరిచిన మ్యూజియం ఉంది. చేత్తో రాసిన అసలు రాజ్యాంగ ప్రతిని కూడా ఆ గ్రంథాలయంలోనే నైట్రోజన్ నింపిన గాజుపెట్టెలో భద్రపరిచారు. రాసింది ప్రేమ్ బిహారీ నారాయణ్ రాయ్‌జాదా. బొమ్మలు వేసింది నందలాల్ బోస్, ఆయన శిష్యులు.

2023 మే 28న పక్కనే కొత్త భవనం ప్రారంభమైంది. సెప్టెంబరు 19న సభలు అందులోకి మారాయి. లోక్‌సభలో 888, రాజ్యసభలో 384 సీట్లు. ఆకారం ముక్కోణం. నూరేళ్ళ కింద బేకర్ అడిగి ఓడిపోయిన ఆకారమే అది. అక్కడ పైకప్పు నుంచి వేలాడే ఫూకో లోలకం ఉంది. ఊగుతూ ఊగుతూ నెమ్మదిగా దిశ మార్చుకుంటుంది. ఢిల్లీలో ఒక చుట్టు పూర్తికావడానికి సుమారు 50 గంటలు. భూమి తిరుగుతోందని మన సైన్సు టీచర్లు నోటితో చెప్పేది అక్కడ కంటికి కనబడుతుంది.

కొత్తది కట్టినా పాతదాన్ని కూల్చలేదు. సంవిధాన్ సదన్ అని పేరు పెట్టి నిలబెట్టారు. 2024లో రాజ్యాంగానికి 75 ఏళ్ళయిన సందర్భంగా మళ్ళీ ఆ సెంట్రల్ హాల్లోనే సభ జరుపుకున్నారు.

ఇప్పుడు మన బడి సంగతి. కొత్త బ్లాకు కోసం పెంకుల హాలు కూల్చాలా వద్దా అనేది ఈ మధ్యాహ్నం సర్వసభ్య సమావేశంలో తేలుతుంది. కొత్త బ్లాకు వద్దని నేననను. ఈ కాలం పిల్లలకి ల్యాబులు కావాలి, మంచి మరుగుదొడ్లు కావాలి. నా చందా ఇచ్చేశాను. కానీ మైదానం పడమటి వైపున చోటుంది. పెంకుల హాలు వాసాలు మార్చి, చదువుకునే గదిగా ఉంచుదామని నా మనవి. ఉత్తినే తాళం వేసి ఉంచేటట్టయితే మాత్రం కూల్చెయ్యండి, నాకేం అభ్యంతరం లేదు. మనుషులు రాని హాలు ఉన్నా ఒకటే, పోయినా ఒకటే.

రెండో మనవి. ఏటా పదో తరగతి పిల్లలు పదిమందిని ఢిల్లీ తీసుకెళ్ళి పార్లమెంటు చూపిద్దాం. మొదటి ఏడాది రైలు ఖర్చు నాది. తీసుకెళ్ళే బాధ్యత కూడా నాదే. పాసుల కోసం ఎవరిని అడగాలో నాకు తెలుసు.

ఆ రోజు మా ఇంటికి చేరగానే మాస్టారు తెల్లకాగితం, పెన్సిలు అడిగి తీసుకుని, పెద్ద సున్నా, చిన్న సున్నా, మూడు అర్ధచంద్రాలు గీశారు. "ఒప్పేరా" అన్నారు. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరుంది. ఆయన లేరు. పెంకుల హాలు ఉంటుందని మీరు తేలిస్తే, దానికి అద్దం కట్టించి ఆయన బోర్డు ఉండే గోడకి తగిలిస్తాను.

 మధ్యాహ్నం సమావేశానికి హాజరు తగ్గకుండా చూడమని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.