గండం గడిచాక మొదలయ్యే భయం

ఈ ఎపిసోడ్ డిశ్చార్జ్ తర్వాతి రోజుల గురించి. బిల్లులూ మందులూ కాదు, మనసు సంగతి.

మన ఇళ్లల్లో ఎవరైనా ఐసీయూ నుంచి బతికి బయటపడితే ఏం చేస్తాం? గుమ్మం దగ్గర ఎర్రనీళ్లతో దిష్టి తీస్తాం. మొక్కు తీర్చుకోవడానికి తిరుపతి టికెట్లు చూస్తాం. వచ్చిన చుట్టాలందరికీ కాఫీలిస్తూ "గండం గడిచింది" అని చెప్తాం. చెయ్యాల్సిందే, తప్పేం లేదు. కానీ ఆ మనిషి రాత్రి రెండింటికి ఉలిక్కిపడి లేచి కూర్చుంటాడు. అంబులెన్స్ సైరన్ వినపడితే చెమటలు పడతాయి. ఫినాయిల్ వాసనకి కడుపులో తిప్పేస్తుంది. ఎవరికీ చెప్పడు. చెప్తే "బతికావు కదా, ఇంకేం కావాలి" అంటారని తెలుసు.

దీనికి డాక్టర్లు పెట్టిన పేరు పోస్ట్ ఇంటెన్సివ్ కేర్ సిండ్రోమ్. 2012 నుంచి ఈ పేరు బాగా వాడుకలోకొచ్చింది. ఒంట్లో నీరసం, మతిమరుపు, మనసులో భయం, దిగులు, ఇవన్నీ కలిపి ఆ పేరు. ఐసీయూ నుంచి ఇంటికొచ్చినవాళ్లలో ఏడాదిలోపు సుమారు 5 మందిలో ఒకరికి పీటీఎస్‌డీ లక్షణాలు కనిపిస్తాయి. గుండెపోటు నుంచి బయటపడ్డవాళ్లలో అయితే దాదాపు 8 మందిలో ఒకరికి. పీటీఎస్‌డీ అనగానే మనకి యుద్ధం నుంచి వచ్చిన సైనికుడు గుర్తొస్తాడు, సినిమాల పుణ్యమా అని. హాస్పిటల్ మంచం మీద పడుకున్న మన పెద్దమ్మ గుర్తురాదు.

మా బాబాయ్ సంగతి చెప్తాను, ఆయన్ని అడిగే చెప్తున్నాను. 2021 మేలో కోవిడ్‌తో 11 రోజులు ఐసీయూలో ఉన్నారు. అందులో 6 రోజులు వెంటిలేటర్ మీద. ఇంటికొచ్చి బాగానే తిరుగుతున్నారు, కానీ చెకప్‌కి మాత్రం రానంటే రానన్నారు. ఆయనకి షుగర్ కూడా ఉంది. రెండు అపాయింట్‌మెంట్లు పోయాయి. పిన్ని అరిచింది, ఏడ్చింది, చివరికి అలిగి మాట్లాడటం మానేసింది. మొండితనం అనుకున్నారు అందరూ. ఒకరోజు నాతో మెల్లిగా అన్నారు: "నా చేతులు కట్టేసి లారీలో ఎక్కడికో తీసుకెళ్లార్రా. మొహాలు కనపడకుండా కప్పుకుని ఉన్నారు. గొంతులో ఏదో దూర్చారు. అరుస్తుంటే గొంతు రాలేదు. నువ్వు నమ్మవులే."

ఇప్పుడు ఆ మాటల్ని ఒక్కొక్కటీ విడదీసి చూడండి. వెంటిలేటర్ మీద ఉన్న పేషెంట్ మగతలో ట్యూబ్ పీకేసుకోకుండా చేతులు మంచానికి కట్టడం ఉంది. ఒంటికి పుండ్లు పడకుండా కింద గాలి పరుపు వేస్తారు. దాని పంపు గుర్రుమంటూనే ఉంటుంది, పరుపు కింద నుంచి కదులుతూ ఉంటుంది. అదీ లారీ. మొహాలు కప్పుకున్నవాళ్లు పీపీఈ కిట్లలో ఉన్న నర్సులు. ట్యూబ్ స్వరపేటిక మధ్యలోంచే పోతుంది కాబట్టి అరవాలన్నా గొంతు రాదు.

దీన్ని డెలీరియం అంటారు. మత్తుమందు, ఇన్ఫెక్షన్, నిద్ర లేకపోవడం, పగలో రాత్రో తెలియని లైట్లు, ఇవన్నీ కలిసి మెదడుని తికమక పెడతాయి. దొరికిన ముక్కలతో మెదడు ఒక కథ అల్లుకుంటుంది. వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లలో చాలామందికి ఇది వస్తుంది. పిచ్చి కాదు. మా బాబాయ్‌కి అది కల కూడా కాదు, జరిగిన సంగతి. కిడ్నాప్ చేసిన చోటికి చెకప్‌కి రమ్మంటే ఎవరు వెళ్తారు చెప్పండి?

నాకు ఆసక్తిగా అనిపించింది ఇక్కడే. ఇంగ్లండ్‌లో క్రిస్టీనా జోన్స్ అనే నర్సు, పరిశోధకురాలు కూడా, 2001లోనే ఈ విషయం రాశారు. ఐసీయూలో నిజంగా జరిగినవి గుర్తున్నవాళ్ల కంటే, భ్రమలు మాత్రమే గుర్తున్నవాళ్లు తర్వాత ఎక్కువ ఇబ్బంది పడ్డారట. నేను కోడ్ రాసుకునే రోజుల్లో సర్వర్ పడిపోతే ముందు లాగ్స్ వెతికేవాళ్లం. లాగ్స్ లేకపోతే ఎవడి కథ వాడిది. ఇదీ అంతే. ఆ రోజుల రికార్డు ఖాళీగా ఉంది, ఆ ఖాళీలో లారీ వచ్చి కూర్చుంది.

అందుకే కొన్ని దేశాల్లో ఐసీయూ డైరీ అని ఒకటి రాస్తారు. నర్సులు, ఇంట్లోవాళ్లు రోజుకి నాలుగు మాటలు, మామూలు భాషలో. "ఈ రోజు మంగళవారం. మీ అబ్బాయి వచ్చాడు, మీ చెయ్యి పట్టుకున్నాడు." జోన్స్ బృందమే 6 యూరప్ దేశాల్లో 352 మందితో పరిశోధన చేసి 2010లో ప్రచురించింది. డైరీ అందుకున్నవాళ్లలో కొత్తగా పీటీఎస్‌డీ వచ్చింది 5 శాతానికి, అందనివాళ్లలో 13 శాతానికి. పూర్తి కథ చెప్పాలి కాబట్టి ఇదీ వినండి: 2019లో ఫ్రాన్స్‌లో ఇంకా పెద్ద పరిశోధన జరిగితే అంత తేడా కనపడలేదు. కాబట్టి డైరీని మందు అనుకోవద్దు. అయినా ఖర్చు లేని పని, నా ఓటు దానికే.

మా ఇంట్లో డైరీ ఎక్కడుంది? ఉంది! వాట్సాప్ ఫ్యామిలీ గ్రూప్‌లో. ఆ 11 రోజులూ పిన్ని రోజూ సాయంత్రం డాక్టర్ చెప్పింది టైప్ చేసి పెట్టేది. "ఇవాళ ఆక్సిజన్ తగ్గించారు." "ఇవాళ కళ్లు తెరిచారంట." గుడ్ మార్నింగ్ ఫొటోల కింద, దండం ఎమోజీల కింద అన్నీ తేదీలతో సహా ఉన్నాయి. కూర్చోబెట్టి చదివి వినిపించాం. ఆయన రెండు సందేహాలు అడిగారు, తర్వాత చాలాసేపు మాట్లాడలేదు.

దాంతో తగ్గిపోలేదు. విజయవాడలో ఒక క్లినికల్ సైకాలజిస్ట్ దగ్గర 10 సెషన్లు పట్టింది. ట్రామా ఫోకస్డ్ సీబీటీ అనే పద్ధతి. జరిగింది వివరంగా చెప్పిస్తారు, మళ్లీ చెప్పిస్తారు, ఏది నిజం ఏది భ్రమ అని విడదీయిస్తారు. తప్పించుకు తిరుగుతున్న చోటికి మెట్టు మెట్టుగా తీసుకెళ్తారు. మొదటివారం హాస్పిటల్ ఎదురుగా టీ బడ్డీ వరకే. తర్వాత గేటు. తర్వాత ఓపీ హాల్లో పది నిమిషాలు. ఈఎండీఆర్ అని ఇంకొకటి ఉంది, 1987లో ఫ్రాన్సిన్ షపీరో మొదలుపెట్టింది. జ్ఞాపకాన్ని తలుచుకుంటూ కళ్లని అటూ ఇటూ కదిలించాలి. వినడానికి తాయెత్తు వ్యవహారంలా ఉంటుంది కానీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో పీటీఎస్‌డీకి ఈ రెండింటినీ సిఫార్సు చేసింది. కళ్లు కదిలించడం వల్లే పనిచేస్తుందా అన్న దానిమీద మాత్రం సైకాలజిస్టులు ఇంకా కొట్టుకుంటున్నారు.

ఒక్క మాట. ఇంటికొచ్చిన మొదటి రోజే పేషెంట్‌ని కూర్చోబెట్టి "ఏం జరిగిందో అంతా చెప్పు, మనసు తేలికవుతుంది" అని తవ్వకండి. మొదటి నెలలో చాలామందికి దానంతటదే తగ్గుతుంది. నెల దాటినా పీడకలలు, ఉలికిపాటు, హాస్పిటల్ అంటే పారిపోవడం ఉంటే అప్పుడు వెళ్లండి. చచ్చిపోవాలన్న మాట నోట్లోంచి వస్తే మాత్రం నెలదాకా ఆగొద్దు, ఆ రోజే. మెడికల్ షాపులో చీటీ లేకుండా నిద్రమాత్రలు తెచ్చి ఇవ్వడం అసలు వద్దు.

ఎక్కడికి వెళ్లాలి? టెలీ మానస్, 14416. 2022 అక్టోబర్ నుంచి నడుస్తున్న ప్రభుత్వ హెల్ప్‌లైన్, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ, విశాఖలో ప్రభుత్వ మానసిక చికిత్సాలయం ఉన్నాయి. ఎర్రగడ్డ పేరుని మన సినిమావాళ్లు తిట్టు కింద మార్చేశారు, అక్కడ ఓపీలో కూర్చునేవాళ్లు మనలాంటివాళ్లే. ప్రైవేటుగా వెళ్తే క్లినికల్ సైకాలజిస్ట్‌కి ఆర్‌సీఐ రిజిస్ట్రేషన్ ఉందా అని అడగండి. ఇన్‌స్టాలో "హీలర్" అని పెట్టుకోవడానికి ఏ డిగ్రీ అక్కర్లేదు. ఇన్సూరెన్స్ విషయానికొస్తే, 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం మనసు జబ్బుని కూడా ఒంటి జబ్బుతో సమానంగా కవర్ చెయ్యాలి. కానీ పాలసీలో ఓపీ కవర్ లేకపోతే సెషన్ల ఫీజు మన జేబులోంచే. పాలసీ పేపర్ ఒకసారి తీసి చూడండి.

ఇది చూస్తున్నవాళ్లలో ఎవరైనా ఇప్పుడు ఐసీయూ బయట కుర్చీలో ఉంటే, ఫోన్ మీ చేతిలోనే ఉంది కదా, నోట్స్ తెరిచి ఇవాళ్టి తేదీ వేసి రెండు లైన్లు రాయండి. లోపలికి పంపినప్పుడు రోజు, టైము, ఊరు చెప్పండి. కళ్లజోడు, వినికిడి మెషిన్ ఉంటే నర్సుని అడిగి పెట్టించండి. ఫొటో తీయాలంటే ముందు పర్మిషన్ అడగండి. ఆ రాసే రెండు లైన్లలో మీరు తిన్నారో లేదో, పడుకున్నారో లేదో కూడా రాయండి. ఎందుకంటే ఈ సిండ్రోమ్ కుటుంబసభ్యులకీ వస్తుంది. మా పిన్ని ఇప్పటికీ తెలియని ల్యాండ్‌లైన్ నంబర్ నుంచి ఫోన్ వస్తే ఎత్తదు, నాకిచ్చి ఎత్తమంటుంది. ఆవిడని ఇంకా ఒప్పించే పనిలోనే ఉన్నాను.