పాడు పిల్లలను, పంపు ఇండ్లను నిలుపుకొనుట
(మన సంఘ వార్షిక సమావేశమున బాలగాన బృందమునకు పాట నేర్పు ఉపాధ్యాయులు చేసిన ప్రసంగ పాఠము)



మన బాలగాన బృందము పాడిన ప్రార్థనను మీరిప్పుడే వింటిరి. వేదికపై నిలిచినవారు 14 మంది. మూడేండ్ల క్రిందట ఇదే వేదికపై 31 మంది నిలిచిరి. తక్కిన పిల్లలేమైరి? దీనికి బదులు చెప్పవలసినవాడను నేనే. కావున ఏటేట చదువు నివేదికకు మారుగా ఈనాడు ఆ సంగతినే మనవి చేయుదును.

మొదట నేను నేరమును కాలముపై మోపితిని. పరీక్షలు, ట్యూషనులు, సెల్‌ఫోనులు కారణములనుకొంటిని. అవి అబద్ధములు కావు. కాని మానిన పిల్లల యిండ్లకు పోయి, కూర్చుండి, అడిగి చూడగా వేరు సంగతులు బయటపడినవి. పాటపై విసుగు పుట్టి మానినవారు ఇద్దరే. తక్కినవారిని మనమే, తెలియకయే, మెల్లగా బయటికి పంపితిమి.

ఒక యింటి సంగతి చెప్పెదను. వారు కృష్ణగిరి ప్రాంతపు పల్లెనుండి మన యూరికి వచ్చినవారు. తరతరములుగా వారి యింటిభాష తెలుగే. పదేండ్ల బాలిక ఒకనాడు ఆలస్యముగా వచ్చి, "అవ్వతో వచ్చిండాను సార్" అనెను. నేను నవ్వి, "వచ్చిండాను కాదమ్మా, వచ్చాను" అని అందరియెదుట దిద్దితిని. పిల్లలు గొల్లుమనిరి. వాకిటనున్న అవ్వ అంతయు వినెను. మరువారమునుండి వారు రాలేదు.

నేను వారి యింటికి పోయినప్పుడు అవ్వ కోపపడలేదు. మజ్జిగ యిచ్చి, "మాది మీ తెలుగు కాదు గదా సామీ. బిడ్డను చూసి నగుతారని నిలిపేస్తిమి" అనెను. ఆ మాట నన్నింకను బాధించుచున్నది. చూడుడు, ఆమె నోట వచ్చిన "నిలిపేస్తిమి" అన్న క్రియాంతము మన పాతగ్రంథములలోనిదే. నేను గొప్పగా దిద్దిన "వచ్చాను" కంటె అది పాతది. వందల యేండ్లుగా ఈ నేలపై నిలిచిన తెలుగును, తెలుగు సంఘపు గదిలోనే నేను తప్పని తేల్చితిని!

ఆనాటినుండి ఒక నియమము పెట్టుకొంటిని. పాటలోని మాటను పాటకు తగినట్లు నేర్పుదును. పిల్లలు మాటలాడు ఇంటి తెలుగును దిద్దను. నెలకొకసారి ఒక యింటి అవ్వయో, అమ్మయో వచ్చి తమకు వచ్చిన జోలపాటనో, గొబ్బిపాటనో పిల్లలకు నేర్పవలెను. ఆ దినమున నేనును పిల్లలతో కూడ చాపపై కూర్చుండి నేర్చుకొందును.

రెండవది లిపి. 2006లో తమిళనాట తమిళ అభ్యసన చట్టము వచ్చిన పిదప ఒకటవ తరగతి మొదలుకొని ఏటేట తమిళము తప్పనిసరి యయినది. తమిళము మన పిల్లలు చక్కగా నేర్వవలసినదే. అది మనకు అన్నము పెట్టు భాష. కాని తెలుగు అక్షరము రాని పిల్లవాడు పాటను తమిళ లిపిలో వ్రాసికొనును. ఆ లిపిలో క, గ లకు అక్షరమొక్కటే. అందుచే "గానము" వాని నోట "కానము" అగును. పాట అని చెప్పవలసినవాడు కనలేమని చెప్పినట్లగును! కర్ణాటకములోని మనవారికి ఈ చిక్కు లేదు. మహారాష్ట్రమున నాగరి వ్రాయువారికి, ఒడిశాలో ఒడియా వ్రాయువారికి వేరొక చిక్కు గలదు. ఎ, ఏ లకు అచట వేర్వేరు గుర్తులు వాడుకలో లేవు. మాత్ర తప్పిన తాళమును తప్పును.

తప్పు పలికిన పిల్లవానిని మరల మరల ఆపినచో వాడు సిగ్గుపడి మానును. ఇప్పుడు మేము పాటకు ముందు పది నిమిషములు ఆ పాటలోని అక్షరములనే నేర్పుచున్నాము. ఒక్కొక్క పాటకు నాలుగైదు క్రొత్త అక్షరములు చాలును. ఏడాది తిరుగుసరికి వర్ణమాల వచ్చును, బడి చదువునకు భంగమును కలుగదు.

మూడవది గొంతు మారు వయస్సు. పండ్రెండు, పదునాలుగేండ్ల నడుమ మగపిల్లల కంఠము దిగును. మేము వారిని "కొన్నాళ్లు ఊరకుండు" మంటిమి. ఊరకున్నవారు తిరిగి రాలేదు. ఆ వయస్సున వారిచే పైస్థాయిలో పాడించరాదు, నిజమే. అంతమాత్రమున వారికి పని లేదా? తాళము వేయవచ్చును, శ్రుతిపెట్టె చూడవచ్చును, చిన్నవారికి సాహిత్యము చదివి చెప్పవచ్చును. గొంతు కుదిరిన పిదప తమ స్థాయిలో మరల పాడుదురు. బిడ్డ గొంతు మారవచ్చును, వాని చోటు మారరాదు.

ఇక తల్లిదండ్రుల మాట. మనము వారిని వాకిటనే నిలిపితిమి. బిడ్డను దించుట, గంట తరువాత తీసికొనిపోవుట, ఏడాదికొకసారి చప్పట్లు కొట్టుట, ఇంతే వారి పని. త్యాగరాజస్వామి దివ్యనామ, ఉత్సవసంప్రదాయ కీర్తనలను తలచుకొనుడు. అవి పదిమంది కూడి పాడుటకు అనువైనవి. భజనలో ఒకరు పాడ తక్కినవారు అందుకొందురు. అచట ఊరక వినువాడు లేడు. మన బృందమును అట్లుండవలెను. అభ్యాసములో చివరి పాట పెద్దలు, పిల్లలు కలిసి పాడునది కావలెను. ఆ పాట ఇంటికి పోవును. వంటయింట అమ్మ పాడిన పాటను బిడ్డ మరచిపోడు.

మదరాసు రేడియోలో పిల్లల కార్యక్రమములు నడిపిన న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులను తెలుగు పిల్లలు రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య అని పిలిచిరి. 1945లో వారు "బాల" పత్రికను గూడ వెలువరించిరి. ఆ పిలుపులో గొప్ప కిటుకు గలదు. గురువు దగ్గర మానివేయవచ్చును గాని, అన్నయ్య దగ్గర మానివేయుట యెట్లు?

మిమ్ము నేను చందా అడుగుటలేదు. ప్రతి కుటుంబమును నెలకొక ఆదివారము ఒక గంట అడుగుచున్నాను. పాడరానివారు చాపలు పరువవచ్చును. అక్షరము వచ్చినవారు అక్షరము నేర్పవచ్చును. బండి గలవారు దూరపు పిల్లలను తేవచ్చును.

ఆ కృష్ణగిరి బాలిక ఇంకను తిరిగి రాలేదు. రెండుమార్లు పోతిని. వచ్చు ఆదివారము మరల పోవుదును. ఈసారి నేనొక్కడనే పోయిన చాలదనిపించుచున్నది. అవ్వను పాట నేర్పుటకు పిలువవలసినది సంఘము. మీలో ఇద్దరు తల్లులు నాతో రాగలరా?