లారీ డ్రైవరు వేతనము, విశ్రాంతి

కృష్ణపట్నము రేవునుండి నెల్లూరు, ఆత్మకూరుల మీదుగా బద్వేలు దిక్కునకు సాగు 67వ జాతీయ రహదారిపై రేయనక పగలనక సరకు మోయు డ్రైవరుచేత సాధారణముగ దినమునకు 8 గంటలకు, వారమునకు 48 గంటలకు మించి పని చేయింపరాదనియు, ఐదు గంటల పిమ్మట అరగంటయైనను విశ్రాంతి నొసగవలెననియు 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టము నిర్ణయించెను. కాని ఐదుగురైనను కార్మికులు లేని సంస్థకు అది సామాన్యముగ వర్తింపలేదు; లారీ యజమానులలో అధికులు ఒకటి రెండు బండ్లవారే.

ఉదయగిరి, ఆత్మకూరు డిపోల ఆర్టీసీ డ్రైవర్లు సంఘబలముతో నెలజీతము, సెలవులు సాధించుకొని, 2020 జనవరి 1న ప్రభుత్వోద్యోగులైరి. లారీ డ్రైవరునకో, ట్రిప్పు బత్తాయే ప్రధానాధారము. నిద్ర మానినకొలది ఆదాయము పెరుగు ఈ ఏర్పాటు మిక్కిలి క్రూరమని నా తలంపు.

యజమానులారా, జీతమును బత్తాను వేరుగా వ్రాసి యిండు, నిద్రకు వేళ విడువుడు. లేనిచో అనుభవజ్ఞులు ఈ వృత్తిని వీడుట ఆగదు.