పరిశోధన పొలమునకు చేరిన పిమ్మట



పరిశోధనా కేంద్రములో ఒక సంగతి తేలినంత మాత్రమున మన చేలో పురుగు చావదు. ప్రచార శాఖవారమైన మేము కరపత్రములు పంచి తృప్తిపడుదుమని మాకు పేరున్నది. అది కొంతవరకు న్యాయమే. కాని పునుకుల గ్రామమున జరిగిన పని కరపత్రముతో అయినది కాదు.

పాల్వంచ మండలములోని ఆ గ్రామము నాడు ఖమ్మం జిల్లాలోనిది, నేడు భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోనిది. అచ్చట ప్రత్తి ముఖ్యమైన పంట. 1990 దశకములో పచ్చపురుగు మందులకు లొంగక, కొట్టినకొలది పెచ్చు పెరిగినది. మందు అరువిచ్చువాడును, వడ్డీకి సొమ్మిచ్చువాడును, తుదకు ప్రత్తి కొనువాడును తరచు ఒక్కడే. పంట పోయినను బాకీ పోదు గదా!

వేపగింజలో పురుగును మేతకు దూరము చేయు గుణమున్నదని శాస్త్రజ్ఞులు ఎన్నడో కనుగొనిరి. వేసవి దుక్కి వలన నేలలో దాగిన పురుగు కోశములు పైకి వచ్చి పక్షుల పాలగుననియు, గట్టున వేసిన ఆముదము లద్దెపురుగును తనవైపునకు లాగుననియు పుస్తకములలో ఉన్నదే. 1999లో ఒక స్వచ్ఛంద సంస్థవారు వచ్చి ఈ మాటలు చెప్పగా నమ్మినవారు కొద్దిమందియే. వారి చేలు చూచిన పిమ్మట తక్కినవారు చేరిరి. 5 కిలోల వేపపప్పు పొడిని రాత్రంతయు నానవేసి, వడగట్టి, 100 లీటర్ల కషాయము చేసి సాయంకాలము చల్లవలెను. చెప్పుటకు ఇది ఒక్క వాక్యము. గింజలు ఏరి, ఎండబెట్టి, దంచువారెవరు? ఆ భారమును స్త్రీల పొదుపు సంఘములును, కూలి కుటుంబములును వహించినవి. పరిశోధన ఆచరణలోనికి దిగినది ఆ రోటి దగ్గరనే యని మా అభిప్రాయము.

2004 నాటికి పంచాయతీ తమది పురుగుమందులు లేని గ్రామమని ప్రకటించినది. మందుల వ్యాపారులు ఊరిలోనికి రావలదని కోరినది. ఆ తరువాత కొలది కాలమునకే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము మహిళా సంఘముల మూలమున ఈ పద్ధతిని ఇతర జిల్లాలకు వ్యాపింపజేసినది. ఒక ఊరి అనుభవము ప్రభుత్వ విధానమైనది.

అయినను ఇచ్చట తొందరపడరాదు. మందుల వాడకము తగ్గినదంతయు ఈ పద్ధతి చలువయే యనుట తగదు. 2002లో మన దేశమున బి.టి. ప్రత్తికి అనుమతి లభించినది. తొలి యేండ్లలో ఆ చేలలోను పచ్చపురుగు మందు తగ్గినది. ఏ ఫలితమునకు ఏది కారణమో తేలవలెనన్నచో, ఒకే విత్తనము వేసిన రెండు పొలములను, మందు మానినదానిని, మాననిదానిని, ప్రక్కప్రక్కన ఉంచి చూడవలెను. ఎన్నిమారులు చల్లిరి, ఖర్చెంత, దిగుబడి ఎంత, వానలెట్లున్నవి, ఇవి పంచాయతీ పుస్తకమున వ్రాయవలెను. చెడిన యేడాదిని దాచిన పట్టిక ఎవరికిని అక్కరకు రాదు. ప్రచారము చేయు మేమే ఈ మాట అనుచున్నాము, గమనింపుడు. మీ తీర్మానము వెంట అట్టి లెక్క యున్నచో పై కార్యాలయములలో దానిని త్రోసివేయుట కష్టము.

వేపపండ్లు రాలునది జ్యేష్ఠాషాఢములలో. అప్పుడే గింజ ఏరి నిలువచేయనిచో ప్రత్తికి పురుగు పట్టిననాడు వెదకినను దొరకదు. పుస్తకమునకు గీతలు గీయుట కూడ ఆ లోపలనే కావలెను.