దేహమునకు తగిన సైకిలు

సైకిలును గూర్చి కొత్తగా చెప్పవలసినదేమున్నదని శ్రోతలు అనుకొనవచ్చును. మన ఇండ్లకు చెప్పులు, గొడుగు ఎంత పరిచయమో సైకిలును అంతే పరిచయము. అయినను చెప్పులు కొనునప్పుడు పాదమునకు సరిపోవునా లేదా యని చూచుకొను మనము, సైకిలు కొనునప్పుడు మాత్రము రంగును, గంటను చూచి తృప్తిపడుచున్నాము. దుకాణములో సీటు ఏ ఎత్తున బిగించి యిచ్చిరో ఆ ఎత్తుననే ఏండ్ల తరబడి తొక్కుచున్నాము. మోకాలు నొచ్చినచో వయసును, నడుము నొచ్చినచో రోడ్డు గతుకులను నిందించుచున్నాము. ఈ బాధలలో పెక్కింటికి కారణము సీటును, హ్యాండిలును మన దేహమునకు తగినట్లు అమర్చుకొనకపోవుటయే. చేత ఒక పానా ఉన్నచో ఈ దోషమును అరగంటలో దిద్దుకొనవచ్చును.

ఈనాటి ప్రసంగములో మేము ముఖ్యముగా ఫ్రీవీలు లేని సైకిలును గూర్చి చెప్పదలచినాము. మామూలు సైకిలు మీద వేగము అందుకొన్న పిదప కాళ్లు కదపకున్నను చక్రము తిరుగుచునే యుండును. వెనుక చక్రము వద్ద టిక్కుటిక్కుమని వినవచ్చునది ఫ్రీవీలు చప్పుడు. అది లేని సైకిలులో చక్రము తిరిగినంతసేపు పెడలు తిరుగవలసినదే, పెడలుతోపాటు కాలును తిరుగవలసినదే. ఇది నేటి వింత కాదు. 1885లో ఇంగ్లండులో జాన్ కెంప్ స్టార్లీ తయారుచేసిన రోవరు సైకిలు, అనగా నేటి మన సైకిళ్లకన్నిటికి మూలరూపము, ఫ్రీవీలు లేనిదే. ఫ్రీవీలు వాడుక ఇరువదవ శతాబ్దపు ఆరంభమున గాని వ్యాపింపలేదు. పందెపు మైదానములలో నేటికిని ఫ్రీవీలు లేని సైకిళ్లే నడచును. 2002లో మన నగరమున జాతీయ క్రీడలు జరిగినప్పుడు ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆవరణలో సైకిలు పందెములకై ప్రత్యేకముగా వెలోడ్రోము కట్టిరి. అట్టి చోట ఎదురువచ్చు బండి ఉండదు, అడ్డుపడు మనిషి ఉండడు. కనుక బ్రేకులు లేకున్నను చెల్లును. అదే యంత్రమును వీధిలోనికి తెచ్చినప్పుడే చిక్కులు మొదలగుచున్నవి.

ఆ వీధి అబిడ్సు, నాంపల్లి ప్రాంతపు వీధి అయినచో చెప్పనక్కరలేదు. ఆరవ నిజాము కాలమున ఆల్బర్ట్ ఆబిడ్ అను వర్తకుడు పెట్టిన దుకాణము వలన అబిడ్సునకు ఆ పేరు వచ్చినది. 1907లో కట్టిన నాంపల్లి స్టేషను, 1935 నాటి మొజంజాహి మార్కెట్టు, పెద్ద తపాలా కార్యాలయము, 1946 నుండి నుమాయిష్ జరుగుచున్న ఎగ్జిబిషన్ మైదానము, ఇవన్నియు కూతవేటు దూరములో ఉన్నవి. ఆటోలు, బస్సులు, తోపుడు బండ్లు, సామాను మోయు కూలీలు, ఆదివారమునాడు కాలిబాటల మీద పరచిన పాత పుస్తకములు, వానిని చూచుచు వెనుకకు అడుగు వేయు పాఠకులు, ఇందరి నడుమ సైకిలు పోవలెను. పది గజములకు ఒకసారి ఆగవలెను, మరల కదలవలెను.

మా మిత్రుని కుమారుడొకడు కళాశాల విద్యార్థి. పాత ఇనుప చట్రము ఒకటి సంపాదించి, ఒక దుకాణములో దానిని ఫ్రీవీలు లేని సైకిలుగా మార్పించినాడు. రెండు బ్రేకులను తీసివేయించినాడు. చూపునకు బాగుండునని హ్యాండిలును సీటు కంటె నాలుగంగుళములు క్రిందికి దింపించినాడు. చిరాగ్ అలీ గల్లీ నుండి నాంపల్లి స్టేషను వరకు నెలదినములు తొక్కినాడు. అంతట కుడి మోకాలి ముందుభాగమున నొప్పి, చిటికెన వ్రేళ్లలో తిమ్మిరి మొదలైనవి. ఒకనాడు మా యింటికి వచ్చి, "బాబాయిగారూ, ఇక ఇది అమ్మివేయుదునా? ఇది సైకిలు దోషమా, నా మోకాలి దోషమా?" అని అడిగినాడు. "రెంటిదీ కాదు నాయనా, ఆ రెంటికి పొత్తు కుదురలేదు. ముందు గోడ ప్రక్కకు తెచ్చి నిలుపుము" అని చెప్పినాము. ఆనాడు చేసిన పని వరుసగా చెప్పుచున్నాము. ఫ్రీవీలు ఉన్న సైకిలునకును ఇదే వరుస.

మొదట సీటు ఎత్తు. సైకిలును గోడకు ఆనించి, సీటుపై కూర్చుండి, పెడలును అన్నిటికంటె క్రిందికి తెచ్చి, మడమను దానిపై మోపవలెను. అప్పుడు కాలు తిన్నగా చాగవలెను. పిరుదులు ప్రక్కకు ఒరగరాదు. ఇక పాదపు ముందుభాగమును పెడలుపై పెట్టినచో మోకాలు కొంచెము వంగియుండును. అదే కావలసినది. కొలతతో చూడగోరువారు గోడకు వీపు ఆనించి నిలిచి, తొడల సందు నుండి నేల వరకు కొలుచుకొనవచ్చును. 1967లో హామ్లే, థామస్ అను పరిశోధకులు ఈ కొలతకు నూటికి 109 వంతు సీటు పైభాగము నుండి క్రింది పెడలు వరకు ఉండుట మేలని చెప్పిరి. కాలి కొలత 76 సెంటీమీటర్లు అయినచో సీటు ఎత్తు సుమారు 83 సెంటీమీటర్లు. ఇది ఆరంభమునకు మాత్రమే గుర్తు. సీటు మరీ క్రిందికి ఉన్నచో మోకాలి ముందుభాగము నొచ్చును. మరీ ఎత్తైనచో మోకాలి వెనుక లాగును, నడుము అటునిటు ఊగును. ఆ విద్యార్థి సీటు మూడంగుళములు తక్కువగా ఉన్నది.

ఫ్రీవీలు లేనిచో ఈ కొలత మరింత ముఖ్యము. ముందు పళ్లచక్రమున 44 పళ్లు, వెనుక 18 పళ్లు ఉన్నవనుకొందము. చక్రపు చుట్టుకొలత సుమారు 2.1 మీటర్లు. పెడలు ఒక చుట్టు తిరుగగా సైకిలు 5.1 మీటర్లు పోవును. గంటకు 15 కిలోమీటర్ల వేగమున కాళ్లు నిమిషమునకు 49 చుట్లు, గంటకు దాదాపు 2,900 చుట్లు తిరుగును. మామూలు సైకిలు మీద వాలు వచ్చినచో కాళ్లకు విశ్రాంతి. ఇక్కడ అది లేదు. నౌబత్ పహాడు వైపు నుండి దిగునప్పుడు వేగము 30 కిలోమీటర్లకు పెరిగినచో కాళ్లు నిమిషమునకు 97 చుట్లు తిరిగి తీరవలెను. అమరిక చెడినచో ఆ తప్పు అన్ని వేల సార్లు మోకాలికి తగులును. పళ్లచక్రములను ఎంచుకొనుటలోను వివేకము అవసరము. ముందు 48, వెనుక 16 పళ్లు అయినచో చుట్టునకు 6.3 మీటర్లు వచ్చును. ఖాళీ రోడ్డున బాగుండును గాని, అడుగడుగున ఆగి కదలు అబిడ్సులో ప్రతి కదలికయు మోకాలికి బరువే.

రెండవది సీటు ముందు వెనుకలు. క్రాంకులు నేలకు సమముగా ఉండునట్లు నిలిపి, ముందున్న మోకాలి చిప్ప క్రింది నుండి దారమునకు రాయి కట్టి వ్రేలాడదీయవలెను. అది పెడలు ఇరుసునకు దగ్గరగా పడిన చాలును. మూడవది సీటు వాలు. అది నేలకు సమముగా ఉండవలెను. ముక్కు పైకి లేచినచో సున్నితమైన భాగములు ఒరసి తిమ్మిరెక్కును. ముక్కు క్రిందికి వంగినచో దేహము ముందునకు జారి బరువంతయు అరచేతులపై పడును.

నాలుగవది హ్యాండిలు. వీధిలో తిరుగువారికి అది సీటు ఎత్తుననో, కొంచెము పైననో ఉండుట సుఖము. అప్పుడు తల ఎత్తి నలుదిక్కులు చూడవచ్చును. మోచేతులు కొంచెము వంగియుండవలెను. వెడల్పు భుజముల వెడల్పునకు సమీపముగా ఉండవలెను. హ్యాండిలు తక్కువగా ఉన్నచో అరచేతి అంచున పోవు నరము నలిగి చిటికెన వ్రేలు తిమ్మిరెక్కును. మా విద్యార్థి తిమ్మిరికి కారణమిదే. ఒక హెచ్చరిక. సీటు రాడ్డు మీదను, హ్యాండిలు రాడ్డు మీదను ఇంతకు మించి పైకి లాగరాదని గీత ఉండును. ఆ గీత బయటికి కనబడునట్లు ఎన్నడును బిగింపరాదు.

ఐదవది గాలి. టైరు ప్రక్కన వ్రాసిన గరిష్ఠపు అంకె వరకు కొట్టితీరవలెనని లేదు. కొంచెము వెడల్పు టైరు వేసి, గాలి కాస్త తగ్గించి, ముందు చక్రమున వెనుకటి దానికంటె మరికొంచెము తగ్గించినచో గతుకుల దెబ్బ చేతులకు తక్కువగా తెలియును.

ఈ మార్పులన్నియు ఒకేనాడు చేయరాదు. ఒక్కసారికి ఒక్కటి, అదియు మూడు నాలుగు మిల్లీమీటర్లు మాత్రమే మార్చి, పాత చోట పెన్సిలుతో గుర్తు పెట్టి, రెండు మూడు దినములు తొక్కి చూడవలెను. నొప్పి అప్పటికిని తగ్గనిచో వైద్యునికి చూపుకొనవలెను.

సుఖమును గూర్చి చెప్పితిమి, ఇక ప్రాణమును గూర్చి చెప్పవలెను. ఫ్రీవీలు లేనిచో కాళ్లు బిగబట్టి చక్రమును ఆపవచ్చును గనుక బ్రేకు అక్కరలేదని కొందరు యువకుల వాదము. ఆపునప్పుడు దేహపు బరువు ముందు చక్రము మీదికి పోవును. వెనుక చక్రము తేలికపడి జారును. గంటకు 20 కిలోమీటర్ల వేగమున, ఎండిన రోడ్డుపై, మంచి ముందు బ్రేకు సుమారు మూడు మీటర్లలో ఆపగల చోట వెనుక చక్రము ఒక్కటే ఆపుటకు ఆరేడు మీటర్లు పట్టును. చైను తెగినచో ఆ ఆధారమును లేదు. బ్రిటనులో 1983 నాటి నిబంధనలు ఇట్టి సైకిలునకు ముందు బ్రేకు తప్పనిసరి చేసినవి. మా విద్యార్థికి మేము సీటు సరిచేసి యిచ్చుటకు పెట్టిన షరతును అదే. వాడు కొంచెము ముఖము ముడుచుకొన్నాడు గాని, ఆ సాయంకాలమే బ్రేకు పెట్టించినాడు.

మరికొన్ని మెలకువలు. మనవారికి ఎడమ పెడలుపై నిలిచి, కుడి కాలు వెనుకకు త్రిప్పి, సాగుచున్న సైకిలు నుండి దిగుట అలవాటు. ఫ్రీవీలు లేని సైకిలు మీద ఆ అలవాటు ప్రమాదకరము. పెడలు తిరిగి మనిషిని విసరివేయును. పూర్తిగా ఆగిన పిదపనే దిగవలెను. మలుపులో పెడలు నేలకు తగులవచ్చును. 170 మిల్లీమీటర్లకు బదులు 165 మిల్లీమీటర్ల క్రాంకు ఉన్నచో ఆ భయము కొంత తగ్గును. చిన్న చట్రములలో ఇరుకు మలుపున ముందు చక్రము పాదమునకు తగులును. నిలిచియున్నప్పుడే ఒకసారి త్రిప్పి చూచుకొనవలెను. పంచె, చీర, దుపట్టా చైనులో పడినచో ఈ యంత్రము ఆగదు, లోపలికి లాగుకొనును. కనుక చైనుకు కవరు ఉండవలెను.

గృహిణులకు, పెద్దలకు ప్రత్యేకముగా ఒక మాట. సైకిలును తలక్రిందులుగా నిలిపి చక్రము త్రిప్పి ఆడుట పిల్లలకు వినోదము. ఫ్రీవీలు లేని సైకిలులో చక్రముతోపాటు చైనును పరుగెత్తును. వ్రేలు పెట్టినచో పళ్లు దానిని లోపలికి లాగి నలిపివేయును. చక్రము తిరుగుచుండగా గుడ్డతో చైను తుడిచిన పెద్దలకును ఇదే అపాయము. చక్రము ఆగియున్నప్పుడే తుడువవలెను. పిల్లలను దూరముగా ఉంచవలెను.

మేము చెప్పినదంతయు కొత్త మోజు గల యువకులకు మాత్రమే అని తలపవద్దు. తెల్లవారకముందే పత్రికలు పంచు కుర్రవాడును, రాత్రి కాపలాకు పోవు వృద్ధుడును, పాల డబ్బాలు కట్టుకొని వచ్చువాడును పాత బరువు సైకిలే తొక్కుచున్నారు. పెద్దవాని కొలతకు బిగించిన సైకిలును చిన్నవాడు, చిన్నవాని కొలతకు బిగించినదానిని పెద్దవాడు వాడుచున్నారు. మోకాలు చెడినచో వారి జీవనమే చెడును. మీ యింటికి సైకిలు మీద వచ్చువాని సీటు వంక ఒకసారి చూడుడు. పొట్టిగా ఉన్నదనిపించినచో పానా అందించి, రెండు నిమిషములు నిలిచి, అతని మడమను పెడలుపై పెట్టించి చూడుడు. ఆ చిన్న ఉపకారమునకు ఖర్చు లేదు. అతని మోకాళ్లు మాత్రము మరికొన్ని సంవత్సరములు అతనికి తోడుండును.