సంతకం పెట్టే ముందు ఒక్క రోజు ఆగండి

(బ్రాంప్టన్‌లో జరిగిన మన వేదిక వార్షిక సమావేశంలో ఇచ్చిన ప్రసంగ పాఠం. మాట్లాడిన తీరును వీలైనంతవరకు అలాగే ఉంచాం.)

వారమంతా షిఫ్టులు చేసి, దొరికిన ఒక్క ఆదివారం కూడా ఇక్కడికి వచ్చి కూర్చున్నారు. అందుకే మీకు పనికొచ్చే మాటలే చెప్పి దిగిపోతాను.

ముందే ఒక మాట. నేను లాయర్ని కాను. కరీంనగర్ నుంచి వచ్చి, మొదట గోడౌన్‌లో పెట్టెలు మోసి, తర్వాత ఆఫీసు ఉద్యోగంలో కుదురుకున్నవాణ్ణి. మన వేదికలో ఉద్యోగ తగాదాల ఫోన్లు ఎత్తే నలుగురిలో నేనొకణ్ణి. కాగితాలు చదువుతాం, సరైన చోటికి పంపిస్తాం. ఆ పని ఎందుకు మొదలుపెట్టానో చెప్తే, మిగతాదంతా మీకు సులువుగా అర్థమవుతుంది.

ఇక్కడ నా మొదటి ఆఫీసు ఉద్యోగం మూడేళ్ల రెండు నెలలు సాగింది. ఒక శుక్రవారం సాయంత్రం నాలుగింటికి మీటింగ్ రూములోకి పిలిచారు. హెచ్‌ఆర్ మేడమ్, మేనేజరు, బల్ల మీద ఒక కవరు. "నీ పోస్టు తీసేస్తున్నాం, మూడు వారాల జీతం ఇస్తాం, ఇక్కడ సంతకం పెట్టు" అన్నారు. నా పీఆర్ అప్లికేషన్ అప్పుడే నడుస్తోంది. వీళ్ల దగ్గర్నుంచి ఎక్స్‌పీరియన్స్ లెటర్ కావాలి. గొడవ చేస్తే ఇవ్వరేమోనని భయం. ఐదు నిమిషాల్లో సంతకం పెట్టి బయటికొచ్చాను. మా ఆవిడకి రెండు రోజులు చెప్పలేదు. ఊళ్లో అమ్మానాన్నలకి ఇప్పటికీ చెప్పలేదు.

మూడో ఏడు, వేరే పని మీద ఒక లాయరు దగ్గరికి వెళ్లినప్పుడు ఆ కాగితం చూపించాను. ఆయన చదివి, "ఈ మూడు వారాలు చట్టప్రకారం నీకు ఎలాగూ రావాల్సినవే. నువ్వు సంతకం పెట్టకపోయినా ఇచ్చి తీరాలి. కొత్తగా ఏమీ ఇవ్వకుండా తీసుకున్న సంతకం కోర్టులో నిలబడేదో లేదో కూడా అనుమానమే" అన్నాడు. మరి ఇప్పుడు కేసు వేద్దామా అని అడిగాను. "రెండేళ్లు దాటిపోయింది. ఇక కుదరదు" అన్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏంటో ఆ రోజు తెలిసింది.

కాబట్టి ఈరోజు నేను చెప్పేవి మూడే. అదే రోజు సంతకం పెట్టకండి. ఏ గడప ఎక్కాలో ముందు తెలుసుకోండి. గడువు దాటనివ్వకండి.

మొదటిది, సంతకం. టెర్మినేషన్ లెటర్‌తో పాటు "రిలీజ్" అని ఒక కాగితం ఇస్తారు. అంటే, ఇకమీదట మా మీద ఏ కేసూ వేయనని మీరు రాసివ్వడం. ఒంటారియోలో ఎంప్లాయ్‌మెంట్ స్టాండర్డ్స్ చట్టం ప్రకారం మూడు నెలలు నిండితే ఒక వారం, ఏడాది నిండితే రెండు వారాలు, మూడేళ్లు నిండితే మూడు వారాలు, అలా పెరుగుతూ ఎనిమిదేళ్లు నిండేసరికి ఎనిమిది వారాల నోటీసు గానీ, దానికి బదులు జీతం గానీ ఇవ్వాలి. ఐదేళ్లు నిండి, కంపెనీ ఏడాది జీతాల ఖర్చు 25 లక్షల డాలర్లు గానీ, అంతకు మించి గానీ ఉంటే, సెవరెన్స్ పే అని ఇంకొకటి వస్తుంది. ఇది కనీసం. దీనికి రిలీజ్ మీద సంతకం అడిగే హక్కు ఎవరికీ లేదు. వాళ్లు సంతకం అడుగుతున్నారంటే, అంతకు మించి ఏదో ఇస్తుండాలి. ఆ "మించి" ఎంతో చూడకుండా పెన్ను పట్టుకోకండి. "చదివి, సలహా తీసుకుని చెప్తాను" అనండి. మర్యాదగా అనండి, కానీ అనండి.

ఆ కనీసానికి పైన ఇంకోటి ఉంటుంది. అది కోర్టులు ఇచ్చిన తీర్పుల నుంచి వచ్చింది. 1960లో గ్లోబ్ అండ్ మెయిల్ పత్రిక మీద బార్డల్ అనే ఉద్యోగి వేసిన కేసు దీనికి ఆధారం. ఎన్నేళ్లు పనిచేశారు, ఎంత వయసు, ఏ స్థాయి ఉద్యోగం, అలాంటి ఉద్యోగం మళ్లీ దొరకడం ఎంత కష్టం - ఈ నాలుగూ చూసి కోర్టు నోటీసు కాలం లెక్కకడుతుంది. చాలామందికి అది చట్టం ఇచ్చే వారాల కన్నా ఎక్కువే, కొందరికి నెలలు. "ఆఫర్ లెటర్‌లో కనీసమే ఇస్తామని రాశారు కదా" అని మీరనొచ్చు. టెర్మినేషన్ షరతుల్లో ఏ ఒక్కటి చట్టానికి విరుద్ధంగా ఉన్నా, ఆ షరతులన్నీ చెల్లవని 2020లో ఒంటారియో అప్పీలు కోర్టు వాక్స్‌డేల్ కేసులో చెప్పింది. కాబట్టి ఆఫర్ లెటర్ కూడా లాయరుకి చూపించాల్సిందే.

రెండోది, ఏ గడప. మనవాళ్లు ఎక్కువ పొరపాటు పడేది ఇక్కడే.

ఇచ్చిన జీతం తక్కువైతే, ఓవర్‌టైం ఎగ్గొడితే, వెకేషన్ పే ఇవ్వకపోతే ప్రావిన్సు లేబర్ మినిస్ట్రీలో క్లెయిమ్ వేయొచ్చు. ఫీజు లేదు, ఆన్‌లైన్‌లోనే. ఆఫీసర్ విచారించి, డబ్బు కట్టమని ఆర్డర్ ఇవ్వగలరు. ఆ నిర్ణయం నచ్చకపోతే ఒంటారియో లేబర్ రిలేషన్స్ బోర్డుకి వెళ్లడానికి 30 రోజులే టైము. క్లెయిమ్ వేశావని నిన్ను తీసేయడం, గంటలు తగ్గించడం, బెదిరించడం కూడా చట్టవిరుద్ధమే.

కానీ జాగ్రత్త. టెర్మినేషన్ పే కోసం మినిస్ట్రీలో క్లెయిమ్ వేస్తే, అదే తొలగింపు మీద కోర్టులో కేసు వేసే దారి మూసుకుపోతుంది. మనసు మార్చుకోవాలంటే రెండు వారాల్లో వెనక్కి తీసుకోవాలి. గత ఏడాది ఒక అక్క ఫోన్ చేసింది. పద్నాలుగేళ్ల సర్వీసు. ఉచితం కదా అని, తీసేసిన వారంలోనే మినిస్ట్రీలో వేసేసింది. ఎనిమిది వారాల జీతం కోసం, నెలల తరబడి రాగలిగేదాన్ని వదులుకోబోయింది. అదృష్టం, మాకు ఫోన్ చేసింది పదకొండో రోజు. వెనక్కి తీయించి లాయరు దగ్గరికి పంపాం. ఇంకో నాలుగు రోజులు ఆగుంటే మేమూ ఏమీ చేయలేకపోయేవాళ్లం.

ఇంకో సంగతి. బ్యాంకులు, ఎయిర్‌లైన్స్, టెలికం కంపెనీలు, ప్రావిన్సుల మధ్య నడిచే ట్రక్కులు - ఇవి ప్రావిన్సు చట్టం కిందికి రావు, ఫెడరల్ కెనడా లేబర్ కోడ్ కిందికి వస్తాయి. మన పిల్లలు టొరంటో బ్యాంకుల్లో చాలామంది ఉన్నారు. ట్రక్కు తోలే తమ్ముళ్లూ ఉన్నారు. అయితే మీరు బ్యాంకు బిల్డింగులో కూర్చున్నా జీతం వెండర్ కంపెనీ ఇస్తుంటే, సాధారణంగా మీది ప్రావిన్సు చట్టమే. పే స్టబ్ మీద ఎవరి పేరుందో చూసుకోండి.

ఫెడరల్ వాళ్లకి ఒక గొప్ప రక్షణ ఉంది. అది నిలబడింది ఒక ఉద్యోగి సంతకం పెట్టనన్నందుకే. జోసెఫ్ విల్సన్ అని, అటామిక్ ఎనర్జీ ఆఫ్ కెనడా సంస్థలో నాలుగున్నరేళ్లు పనిచేశాడు. 2009లో కారణం చెప్పకుండా తీసేశారు. ఆరు నెలల జీతం ఇస్తాం, రిలీజ్ రాసివ్వమన్నారు. ఆయన రాసివ్వలేదు. అన్యాయంగా తీసేశారని ఫిర్యాదు పెట్టాడు. ఒక చోట గెలిచాడు, రెండు కోర్టుల్లో ఓడాడు, చివరికి 2016లో కెనడా సుప్రీంకోర్టులో గెలిచాడు. యూనియన్ లేకపోయినా, ఫెడరల్ చట్టం కింద ఏడాది సర్వీసు నిండిన ఉద్యోగిని, డబ్బు చేతిలో పెట్టినంత మాత్రాన కారణం లేకుండా తీసేయడం కుదరదని తేల్చారు. మేనేజర్లకీ, పని లేక లేఆఫ్ అయినవాళ్లకీ ఇది వర్తించదు. మిగతావాళ్లకి తిరిగి ఉద్యోగం ఇప్పించే అధికారం కూడా ఉంది. కానీ ఫిర్యాదుకి గడువు 90 రోజులే.

కులం, మతం, రంగు, పుట్టిన దేశం, గర్భం, జబ్బు - ఇలాంటి వాటి మీద వివక్ష చూపిస్తే ఒంటారియో హ్యూమన్ రైట్స్ ట్రిబ్యునల్‌కి వెళ్లాలి. అప్లికేషన్‌కి ఫీజు లేదు. ఆఖరి సంఘటన జరిగిన ఏడాదిలోపు వేయాలి. అక్కడ తీర్పు రావడానికి ఏళ్లు పట్టొచ్చు, ముందే చెప్తున్నా. కానీ హ్యూమన్ రైట్స్ లీగల్ సపోర్ట్ సెంటర్ అని ఒకటుంది. వాళ్ల సలహాకి డబ్బు అక్కర్లేదు. ఒక చెల్లెలు గర్భవతినని చెప్పిన నెలకే "పెర్ఫార్మెన్స్ బాలేదు" అన్నారు. అంతకు ముందు మూడేళ్లూ మంచి రేటింగే. ఆ రేటింగ్ కాగితాలు దాచుకుంది కాబట్టి మాట్లాడగలిగింది.

సాఫ్ట్‌వేర్ వాళ్లకి రెండు మాటలు. ఒంటారియోలో ఐటీ ప్రొఫెషనల్స్‌కి చట్టం ఓవర్‌టైం హక్కు ఇవ్వదు. కోపం వచ్చినా ఇది నిజం. రెండోది, "ఇన్‌కార్పొరేట్ చేసుకో, గంటకి ఎక్కువ ఇస్తాం" అంటారు. 2023 జనవరి 1 నుంచి, గంటకి 60 డాలర్లు, ఆ పైన తీసుకుంటూ సొంత కంపెనీ పేరుతో పనిచేసే ఐటీ కన్సల్టెంట్లు, మరికొన్ని షరతులు కూడా కుదిరితే, ఈ చట్టం నుంచే బయటికి పోతారు. ఎక్కువ వచ్చే ఆ డాలర్లకి మీరు ఏం వదులుకుంటున్నారో లెక్కేసుకుని ఒప్పుకోండి.

ఇప్పుడు క్లోజ్డ్ వర్క్ పర్మిట్ మీద ఉన్నవాళ్లు. మీ భయం నాకు తెలుసు. "ఓనర్ మీద నోరెత్తితే పర్మిట్ పోతుంది." 2019 జూన్ నుంచి దీనికి ఒక దారి ఉంది. ఓనర్ వేధిస్తున్నా, డబ్బు గుంజుతున్నా, బెదిరిస్తున్నా, వల్నరబుల్ వర్కర్స్ ఓపెన్ వర్క్ పర్మిట్‌కి అప్లై చేయొచ్చు. ఫీజు లేదు. మీ పర్మిట్ గడువు ఉండగానే, ఆధారాలతో వేయాలి. ఎల్‌ఎంఐఏ ఫీజు పోస్టుకి 1,000 డాలర్లు. అది కట్టాల్సింది ఓనరే, మీ దగ్గర వసూలు చేయకూడదు. మరి మన ఊళ్లలో పొలం తాకట్టు పెట్టి ఎవరికి ఎంత కట్టారో మీకే తెలుసు. ఒంటారియోలో రిక్రూటర్ గానీ ఓనర్ గానీ విదేశీ కార్మికుడి దగ్గర ఉద్యోగానికి డబ్బు తీసుకోవడం, పాస్‌పోర్టు పెట్టుకోవడం నేరం. కట్టిన డబ్బు తిరిగి రాబట్టడానికి మూడున్నరేళ్ల లోపు క్లెయిమ్ వేయొచ్చు. ఆ డబ్బు ఇండియాలో ఇచ్చినా, ఇక్కడ ఇచ్చినా, ఎవరికి ఏ రోజు ఎలా పంపారో రాసిపెట్టుకోండి.

స్టూడెంట్లు, మీకూ. చేసిన పనికి జీతం రావాలన్న చట్టంలో వీసా గురించిన షరతు లేదు. కానీ మీ పర్మిట్ గంటల విషయంలో చిక్కుంటే, క్లెయిమ్ వేసే ముందు లీగల్ క్లినిక్‌లో అడగండి.

మూడోది, గడువులు. ఒంటారియోలో జీతాల క్లెయిమ్‌కీ, కోర్టు కేసుకీ రెండేళ్లు. హ్యూమన్ రైట్స్‌కి ఏడాది. ఫెడరల్ తొలగింపుకి 90 రోజులు, ఫెడరల్ జీతాల ఫిర్యాదుకి ఆరు నెలలు. బ్రిటిష్ కొలంబియాలో, ఆల్బర్టాలో లేబర్ ఫిర్యాదుకి ఆరు నెలలే. క్యూబెక్‌లో రెండేళ్ల సర్వీసు ఉన్నవాళ్లని అన్యాయంగా తీసేస్తే 45 రోజులు. ఇది కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించుకోండి. చట్టాలు మారుతుంటాయి కాబట్టి, అవసరం పడినప్పుడు మళ్లీ సరిచూసుకోండి. యూనియన్ ఉంటే మాత్రం ముందు యూనియన్ దగ్గరికే వెళ్లండి, అక్కడ గడువులు ఇంకా తక్కువ ఉంటాయి.

సాయం ఎక్కడ? లా సొసైటీ ఆఫ్ ఒంటారియో రెఫరల్ సర్వీసు ద్వారా లాయరుతో గానీ పారాలీగల్‌తో గానీ 30 నిమిషాల వరకు ఉచితంగా మాట్లాడొచ్చు. ఆదాయం తక్కువున్నవాళ్లకి కమ్యూనిటీ లీగల్ క్లినిక్‌లు ఉన్నాయి. మన దక్షిణాసియా వాళ్ల కోసం టొరంటోలో సౌత్ ఏషియన్ లీగల్ క్లినిక్ ఉంది. వర్కర్స్ యాక్షన్ సెంటర్ ఉంది. వాంకూవర్‌లో మైగ్రెంట్ వర్కర్స్ సెంటర్ ఉంది. మీ ఏరియాలో ఏముందో తెలియకపోతే 211కి ఫోన్ చేయండి. ఇంగ్లీషు తడబడితే దుబాసీ కావాలని ముందే అడగండి, సిగ్గుపడేదేమీ లేదు. ఒకటి గుర్తుంచుకోండి, ఇమ్మిగ్రేషన్ కన్సల్టెంట్ ఉద్యోగ చట్టం లాయరు కాడు. వాట్సాప్ గ్రూపులో "బ్రో, ఏం కాదులే, సైన్ చేసెయ్" అన్నవాడు అసలే కాడు.

చివరగా కాగితాలు. ఆఫర్ లెటర్, పే స్టబ్‌లు, షిఫ్ట్ షెడ్యూళ్లు, మేనేజరు మెసేజులు మీ సొంత ఫోన్‌లో, సొంత ఈమెయిల్లో ఉంచుకోండి. కంపెనీ లాప్‌టాప్ లాక్కున్న రోజు అన్నీ పోతాయి. అలాగని కంపెనీ రహస్య ఫైళ్లు పంపుకోకండి, అది మీ మీదికే వస్తుంది. నగదు జీతమైతే నోటుబుక్‌లో రోజూ గంటలు రాయండి. ఉద్యోగం పోయిన వారంలోనే ఈఐకి అప్లై చేయండి. నాలుగు వారాలు దాటితే డబ్బు నష్టపోవచ్చు.

అడగనిదే అమ్మైనా అన్నం పెట్టదంటారు. ఇక్కడ అడగడానికి ఫీజు లేదు, చదువు అక్కర్లేదు, పీఆర్ అక్కర్లేదు. కావాల్సింది ఆ శుక్రవారం సాయంత్రం నాలుగింటికి "రేపు చెప్తాను" అనగలగడమే. నేను అనలేకపోయాను. నాకు పోయింది కొన్ని నెలల జీతమే, సంపాదించుకున్నాను. కానీ ఇంట్లో రెండు రోజులు, పోగొట్టుకున్న ఉద్యోగానికి వెళ్తున్నట్టు టిఫిన్ బాక్సు పట్టుకుని బయటికెళ్లి, మాల్ పార్కింగులో కూర్చున్నాను చూడండి, అది మాత్రం మీలో ఎవరికీ వద్దు. ముందు ఇంట్లో చెప్పండి. తర్వాత మాకు ఫోన్ చేయండి. రాత్రి షిఫ్ట్ అయిపోయాక చేసినా ఎత్తుతాం.